ఐదు సెంట్ల కొట్టు కథ

"సావనీరుకి మీరూ ఏదైనా రాయండి" అని మన బడి సంపాదక బృందం అడిగినప్పుడల్లా ఏదో ఒక వంక చెప్పి తప్పించుకుంటూ వచ్చాను. పిల్లలకి గుణింతాలు దిద్దించడం వరకే నా సామర్థ్యం. తెలుగులో పేజీలకి పేజీలు రాసే అలవాటు పదో తరగతితోనే పోయింది. ఈసారి మాత్రం మా అమ్మాయి అన్న ఒక మాట వల్ల రాయక తప్పలేదు.

కిందటి చలికాలం మా అబ్బాయి పుట్టినరోజుకి రిటర్న్ గిఫ్టులు కొందామని డాలర్ స్టోర్‌కి బయలుదేరాం. మా అమ్మాయికి పన్నెండేళ్ళు. పార్కింగ్‌లో కారు ఆపగానే, "నాన్నా, మీరు వెళ్ళి రండి, నేను కారులోనే ఉంటాను. మా స్కూలు వాళ్ళెవరైనా చూస్తారు" అంది.

నాకు మనసు చివుక్కుమంది. 2006లో రెండు సూట్‌కేసులతో ఈ దేశంలో దిగినప్పుడు, ఒక సీనియర్ నన్ను మొదటి శనివారం తీసుకెళ్ళింది ఇలాంటి కొట్టుకే. అట్లకాడ, రెండు గిన్నెలు, చీపురు, బాత్‌రూమ్ మగ్గు కొనుక్కున్నాను. అప్పట్లో కనిపించిన ప్రతి ధరనీ 45తో గుణించి గుండె పట్టుకునేవాణ్ణి. మీలో చాలామందికి ఆ జబ్బు అనుభవమే అనుకుంటాను! గుణించినా గుండె ఆగని కొట్టు అదొక్కటే. అలాంటి చోటికి రావడానికి నా కూతురు సిగ్గుపడుతోందా అనిపించింది.

కోప్పడబోయి ఆగాను. కోపం కంటే కథ నయం కదా! అసలు ఈ ఒకే ధర కొట్లు ఎలా పుట్టాయో తెలుసుకుని చెబుదామని చదవడం మొదలుపెట్టాను. ఆ కథ న్యూయార్క్ రాష్ట్రంలో మొదలై, తిరిగి తిరిగి మనం ఉంటున్న నార్త్ కరోలినాకే వచ్చింది. అంతటితో ఆగకుండా మా ఊరి టీ కొట్టు దాకా నన్ను లాక్కెళ్ళింది.

అమ్మడం రాని అమ్మకందారు

ఫ్రాంక్ విన్‌ఫీల్డ్ వూల్‌వర్త్ 1852లో న్యూయార్క్ రాష్ట్రంలోని రాడ్‌మన్ అనే చిన్న ఊళ్ళో, ఒక రైతు ఇంట్లో పుట్టాడు. పొలం పని ఆయనకి గిట్టలేదు. పక్కనున్న వాటర్‌టౌన్‌లో ఒక బట్టల కొట్టులో పనికి కుదిరాడు. అనుభవం లేదు కాబట్టి మొదటి మూడు నెలలూ జీతం లేకుండానే చేశాడు. తమాషా ఏమిటంటే, ఆయనకి అమ్మడం చేతకాదు. ఎదుటివాళ్ళని మాటలతో మెప్పించి సరుకు అంటగట్టే నేర్పు లేదు. షాపు అద్దాల వెనుక సరుకు అందంగా సర్దడంలో మాత్రం మంచి చెయ్యి.

1878లో ఆ కొట్టులో ఒక ప్రయోగం చేశారు. మిగిలిపోయిన చిల్లర సామానంతా ఒక బల్ల మీద పరిచి, ఏది తీసుకున్నా ఐదు సెంట్లే అని బోర్డు పెట్టారు. బల్ల ఖాళీ అయిపోయింది. మన తిరునాళ్ళలో "ఏది తీసుకున్నా రూపాయే, రండి బాబూ రండి" అని అరిచే బండి దగ్గర జనం ఎలా మూగుతారో మనకి తెలుసు. అదే కిటుకు! అయితే ఇక్కడ అరిచే మనిషి లేడు. బోర్డే అరిచింది. అమ్మడం చేతకానివాడికి ఇంతకంటే ఏం కావాలి?

యజమాని సుమారు 300 డాలర్ల సరుకు అరువుగా ఇచ్చాడు. దానితో వూల్‌వర్త్ 1879 ఫిబ్రవరిలో యూటికా అనే ఊళ్ళో సొంతంగా ఐదు సెంట్ల కొట్టు పెట్టాడు. అది కొద్ది నెలలకే మూతబడింది. ఆయన ఊరు మార్చాడు. అదే ఏడాది జూన్ 21న పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్‌లో మళ్ళీ తెరిచాడు. మొదటి రోజే 127 డాలర్ల 65 సెంట్ల అమ్మకం జరిగింది. ఐదేసి సెంట్ల చొప్పున ఎన్ని వస్తువులు అమ్మితే అంత వస్తుందో పిల్లలు లెక్క కట్టి చూడండి. (2,553!) తరువాత పది సెంట్ల సరుకు కూడా చేర్చాడు. ఐదు సెంట్ల నాణేన్ని నికెల్ అనీ, పది సెంట్ల నాణేన్ని డైమ్ అనీ అంటాం కదా, అందుకే ఇలాంటి కొట్లకి "ఫైవ్ అండ్ డైమ్" అని పేరొచ్చింది.

కిటుకు ఎక్కడుంది?

మనం చిన్నప్పుడు పచారీ కొట్టుకి వెళితే సరుకంతా కొట్టువాడి వెనుక ఉండేది. "పావుకిలో కందిపప్పు" అని మనం అడగాలి, ఆయన తూచి పొట్లం కట్టాలి. ధర ఆయన నోట్లో ఉంటుంది, లెక్క పద్దు పుస్తకంలో ఉంటుంది. ఆ రోజుల్లో అమెరికాలోనూ చాలా కొట్లు అలాగే నడిచేవి. మనిషిని బట్టి ధర, మొహాన్ని బట్టి మర్యాద.

వూల్‌వర్త్ సరుకుని బల్లల మీద బాహాటంగా పరిచాడు. ఎవరైనా తాకి చూడవచ్చు, నచ్చకపోతే పెట్టేసి పోవచ్చు. ధర ముందే తెలుసు కాబట్టి బేరం లేదు. భాష సరిగా రాని కొత్తవాడైనా, చేతిలో ఒకే ఒక్క నాణెం ఉన్న పిల్లవాడైనా లోపలికి వచ్చి తనకి కావలసింది తానే ఎంచుకోవచ్చు. ధర ముందే రాసిపెట్టే పద్ధతి అంతకుముందే కొన్ని పెద్ద షాపుల్లో ఉంది. దాన్ని పేదవాడి చేతిలోని చిల్లరకి అందేలా దించడం ఈయన చేసిన పని.

మరి ఐదు సెంట్లకి అమ్మి లాభం ఎలా? మూడు దారులు. మొదటిది, దళారుల్ని వీలైనంత తప్పించి, తయారు చేసేవాళ్ళ దగ్గరే పెద్ద మొత్తంలో కొనడం. క్రిస్మస్ చెట్టుకి కట్టే గాజు బుడగలు ఇందుకు మంచి ఉదాహరణ. 1880లో ఒక దిగుమతిదారు బలవంతం మీద 25 డాలర్ల బుడగలు అయిష్టంగానే తీసుకుంటే రెండు రోజుల్లో అయిపోయాయని ఆయనే చెప్పుకున్నాడు. తరువాత జర్మనీ పల్లెల్లో ఇళ్ళ దగ్గర గాజు ఊదే కుటుంబాల నుంచి ఆ సరుకు లెక్కలేనంత తెప్పించాడు. రెండోది, రొక్కం వ్యాపారం. "నేడు నగదు, రేపు అరువు" అని మన కొట్లలో బోర్డు ఉండేది చూడండి, అదే సూత్రం. కానీ తాను మొదలుపెట్టింది మాత్రం అరువు సరుకుతోనే! మూడో దారి, జీతాలు తక్కువ ఇవ్వడం. సరుకు చవగ్గా అమ్మాలంటే పనివాళ్ళూ చవగ్గా దొరకాలని తన మేనేజర్లకి ఉత్తరాల్లో దాచకుండానే రాశాడు. మూడో దారి సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాను.

చిల్లరతో కట్టిన మేడ

తమ్ముణ్ణి, బంధువుల్నీ, స్నేహితుల్నీ కూడా ఇదే వ్యాపారంలో పెట్టాడు. 1909లో ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో కొట్టు తెరిచాడు. 1912లో అందరి కొట్లూ ఒకే కంపెనీగా కలిశాయి. మొత్తం 596 కొట్లు.

1913లో న్యూయార్క్ నగరంలో వూల్‌వర్త్ బిల్డింగ్ లేచింది. ఎత్తు 792 అడుగులు, అప్పటికి ప్రపంచంలోకెల్లా ఎత్తయిన భవనం. 1930 దాకా ఆ రికార్డు దానిదే. ఖర్చు కోటీ ముప్ఫై ఐదు లక్షల డాలర్లు, అదీ రొక్కంగా కట్టాడని చెబుతారు. ప్రారంభం రోజున అధ్యక్షుడు విల్సన్ వాషింగ్టన్‌లో బొత్తాం నొక్కితే ఇక్కడ దీపాలు వెలిగాయి. లోపల హాల్లో వూల్‌వర్త్ నాణేలు లెక్కపెట్టుకుంటున్నట్టు ఒక చిన్న బొమ్మ చెక్కి ఉంది. మళ్ళీ మాన్‌హటన్ వెళ్ళినప్పుడు లిబర్టీ విగ్రహంతో పాటు ఈ మేడ కూడా పిల్లలకి చూపించండి.

1919లో వూల్‌వర్త్ చనిపోయాడు. ధరల గీత ఆయన తరువాత ఎంతో కాలం నిలవలేదు. 1932లో 20 సెంట్ల సరుకు వచ్చింది, 1935లో పరిమితే తీసేశారు.

బల్ల వెనుక ఉన్నవాళ్ళు

ఇప్పుడు ఆ మూడో దారి. ఈ కొట్లలో అమ్మకం పని చేసేది ఎక్కువగా వయసు తక్కువున్న ఆడపిల్లలు. రోజంతా నిలబడి పని, జీతం మాత్రం అంతంతే. 1937 ఫిబ్రవరి 27న డెట్రాయిట్‌లోని వూల్‌వర్త్ కొట్టులో 108 మంది అమ్మాయిలు పని ఆపేసి, కొట్టు వదిలి వెళ్ళకుండా లోపలే కూర్చున్నారు. పరుపులు తెప్పించుకుని అక్కడే పడుకున్నారు. వారం రోజులకి కంపెనీ దిగివచ్చి జీతాలు పెంచింది. మనం చవగ్గా కొన్నదానికి మిగతా ధర ఎక్కడో ఎవరో కడుతూనే ఉంటారు. ఇది చదివాక మా ఇంట్లో భోజనాల దగ్గర చాలాసేపు మాట్లాడుకున్నాం.

టూత్‌పేస్ట్ ఇచ్చారు, కాఫీ ఇవ్వలేదు

వూల్‌వర్త్ కొట్లలో సామానుతో పాటు లంచ్ కౌంటర్ కూడా ఉండేది. పొడుగాటి బల్ల, దాని ముందు గుండ్రటి స్టూళ్ళు. కాఫీ, శాండ్‌విచ్ తక్కువ ధరకి దొరికేవి. కానీ దక్షిణాది రాష్ట్రాల్లో ఆ స్టూళ్ళ మీద నల్లవాళ్ళు కూర్చోకూడదు.

మన గ్రీన్స్‌బరోలో, సౌత్ ఎల్మ్ వీధిలోని వూల్‌వర్త్ కొట్టుకి 1960 ఫిబ్రవరి 1న నలుగురు కాలేజీ కుర్రాళ్ళు వచ్చారు. ఎజెల్ బ్లెయిర్, డేవిడ్ రిచ్‌మండ్, ఫ్రాంక్లిన్ మెకెయిన్, జోసెఫ్ మెక్‌నీల్. నలుగురూ నార్త్ కరోలినా ఏ అండ్ టీ కాలేజీలో మొదటి సంవత్సరం విద్యార్థులు. ముందు టూత్‌పేస్ట్ వంటి చిన్న చిన్న వస్తువులు కొని రశీదులు దగ్గర పెట్టుకున్నారు. తరువాత వెళ్ళి లంచ్ కౌంటర్ దగ్గర కూర్చుని కాఫీ అడిగారు. ఇవ్వమన్నారు. "పక్క బల్ల దగ్గర మా డబ్బు తీసుకున్నారు కదా, ఈ బల్ల దగ్గర ఎందుకు తీసుకోరు?" అన్నది వాళ్ళ ప్రశ్న. కొట్టు మూసేదాకా కదలకుండా కూర్చున్నారు. ఎవరి మీదా చెయ్యెత్తలేదు, ఎవరినీ తిట్టలేదు.

మరునాడు ఇరవై మందికి పైగా వచ్చారు. ఆ వారం ముగిసేసరికి వందల్లో వచ్చారు. రెండు నెలలు తిరగకుండా 13 రాష్ట్రాల్లో 50కి పైగా ఊళ్ళలో ఇలాగే కూర్చున్నారు. కొన్ని చోట్ల వాళ్ళ మీద కెచప్ పోశారు, కొట్టారు, జైల్లో పెట్టారు. చివరికి 1960 జులై 25న గ్రీన్స్‌బరో కౌంటర్ అందరికీ తెరుచుకుంది. అక్కడ మొదట తిన్న నల్లవాళ్ళు ఎవరో తెలుసా? ఆ కొట్టులోనే పనిచేసే సిబ్బంది. అన్నాళ్ళూ వాళ్ళు పనిచేసిన చోటే వాళ్ళకి కూర్చునే హక్కు లేదు.

ఈ కూర్చునే పద్ధతి చూస్తే మనకి వెంటనే గుర్తొచ్చేది సత్యాగ్రహమే. అది యాదృచ్ఛికం కాదు. టీవీలో గాంధీజీ గురించిన కార్యక్రమం చూసి తాను కదిలిపోయానని ఎజెల్ బ్లెయిర్ తరువాత చెప్పాడు. మార్టిన్ లూథర్ కింగ్ 1959లో మన దేశం వచ్చి వెళ్ళాడు. నాష్‌విల్‌లో విద్యార్థులకి శిక్షణ ఇచ్చిన జేమ్స్ లాసన్ అంతకుముందు మూడేళ్ళు నాగపూర్‌లో ఉండి, గాంధీజీ మార్గాన్ని దగ్గరగా తెలుసుకున్నవాడు.

ఇంకొక ముడి కూడా ఉంది. ఆ కుర్రాళ్ళ వంటివాళ్ళ పోరాటం వల్ల 1964లో పౌరహక్కుల చట్టం వచ్చింది. అదే గాలిలో 1965లో వలస చట్టం మారింది. అంతవరకు మన దేశం నుంచి ఏడాదికి నూరు మంది చొప్పున కోటా ఉండేది. ఆ కోటాలు పోయాకే మన డాక్టర్లు, ఇంజనీర్లు ఇక్కడికి రావడం మొదలైంది. ఈ రోజు మనం ఇక్కడ బడి పెట్టుకుని అ, ఆలు దిద్దించుకుంటున్నామంటే, ఆ స్టూళ్ళ మీద కూర్చున్నవాళ్ళకీ మనకీ చుట్టరికం ఉన్నట్టే.

మా ఊరి టీ కొట్టు

ఆ పాత కొట్టు 1993లో మూతబడింది. 2010 ఫిబ్రవరి 1న, సరిగ్గా యాభై ఏళ్ళకి, అదే భవనంలో పౌరహక్కుల మ్యూజియం తెరిచారు. మొన్న వేసవిలో మేం నలుగురం వెళ్ళి చూసి వచ్చాం. ఆ కౌంటర్, ఆ స్టూళ్ళు ఇంకా ఉన్నాయి. మా అమ్మాయి వాటి ముందు చాలాసేపు నిలబడింది. తిరిగి వచ్చేటప్పుడు కారులో అడిగింది: "నాన్నా, ఇండియాలో ఇలాంటివి ఉండేవా?"

లేవని చెప్పబోయాను. నోరు రాలేదు.

మా ఊరు గుంటూరు జిల్లాలో ఒక పల్లె. బస్టాండు దగ్గర టీ కొట్టు ఉండేది. సెలవుల్లో మా తాతయ్యతో వెళ్ళేవాణ్ణి. మాకు లోపల బెంచీ మీద గాజు గ్లాసులో టీ. కొట్టు బయట చూరు కింద వేరే గ్లాసులు ఉండేవి. మాలపల్లి, మాదిగపల్లి నుంచి వచ్చినవాళ్ళు ఆ గ్లాసు తామే తీసుకుని, నిలబడి తాగి, తామే కడిగి మళ్ళీ అక్కడే పెట్టి వెళ్ళేవారు. డబ్బులు మాత్రం మా డబ్బులతో పాటు అదే గల్లాపెట్టెలో పడేవి. టీ ధర కూడా ఒకటే. అంటరానితనాన్ని రాజ్యాంగం 1950లోనే రద్దు చేసింది. నేను చెబుతున్నది 1980ల చివరి మాట.

మా పొలంలో పనిచేసే ఒక పెద్దాయన నన్ను భుజాల మీద ఎక్కించుకుని ఆ కొట్టు దాకా తీసుకొచ్చేవాడు. నన్ను దింపి, ఆయన బయటే నిలబడేవాడు. నేను లోపలికి వెళ్ళి కూర్చునేవాణ్ణి. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. ఎండకి గొడుగు వేసుకున్నంత సహజంగా అనిపించేది.

ఇదంతా మా అమ్మాయికి చెప్పాను. తను కాసేపు ఏమీ అనలేదు. తరువాత, "అడగాల్సింది నాన్నా" అంది. నిజమే తల్లీ, అడగాల్సింది.

ఇది ఇక్కడ రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. పిల్లలకి మన గొప్పలు మాత్రమే చెప్పి, వాళ్ళు అడిగిన అసలు ప్రశ్న దగ్గర మాట మారిస్తే ఆ గొప్పలు కూడా నమ్మరేమోనని భయం వేసింది. అందుకే రాశాను.

పెద్దది పోయి చిన్నవి వచ్చాయి

ఇక కొట్టు సంగతి ముగిస్తాను. 1962 అమెరికా దుకాణాల చరిత్రలో చిత్రమైన ఏడాది. కేమార్ట్, టార్గెట్, వాల్‌మార్ట్ మూడూ ఆ ఏడాదే పుట్టాయి. వూల్‌వర్త్ కూడా అదే ఏడాది ఊరి బయట వూల్కో అనే పెద్ద కొట్లు మొదలుపెట్టింది. కానీ జనం కార్లేసుకుని శివార్లకి వెళ్ళిపోయారు, ఊరి నడుమ పాత కొట్లు వెలవెలబోయాయి. వూల్కోని ఇక్కడ 1980ల మొదట్లోనే మూసేశారు. 1997 మార్చిలో స్టాక్ మార్కెట్ డౌ జోన్స్ జాబితా నుంచి వూల్‌వర్త్‌ని తీసి వాల్‌మార్ట్‌ని చేర్చారు. అదే జులైలో అమెరికాలో మిగిలిన 400 పైచిలుకు కొట్లూ మూసేస్తున్నామని ప్రకటించారు. కంపెనీ తన చేతిలో ఉన్న బూట్ల దుకాణాల పేరు పెట్టుకుని 2001లో ఫుట్ లాకర్‌గా మారింది. బ్రిటన్‌లోని 800 పైచిలుకు కొట్లు 2009 జనవరికల్లా మూతబడ్డాయి. ఆస్ట్రేలియాలో మన చుట్టాలు కూరగాయలు కొనే వూల్‌వర్త్స్‌కి దీనితో సంబంధం లేదు. 1924లో వాళ్ళు ఆ పేరు మాత్రం వాడుకున్నారు!

ఒకే ధర ఆలోచన మాత్రం చావలేదు. 1955లో కెంటకీలో డాలర్ జనరల్, 1959లో మన షార్లెట్‌లోనే ఫ్యామిలీ డాలర్, 1986లో వర్జీనియాలో నేటి డాలర్ ట్రీ మొదలయ్యాయి. డాలర్ ట్రీ కూడా 2021లో ఒక డాలరు గీత దాటి 1.25కి వెళ్ళింది. వూల్‌వర్త్ 1932లో దాటిన గీతే ఇది.

పిల్లలూ, మీకొక లెక్క. ఒక చిన్న సబ్బు నీళ్ళ సీసా 8 ఔన్సులు, ధర 1.25 డాలర్లు. పెద్ద సీసా 32 ఔన్సులు, ధర 3 డాలర్లు. ఔన్సుకి ఎంత పడుతుంది? చిన్నదానిలో 15 సెంట్లు దాటుతుంది, పెద్దదానిలో 10 సెంట్ల లోపే. ధర తక్కువ కావడం వేరు, చవక కావడం వేరు. చేతిలో ఆ 3 డాలర్లు లేనివాళ్ళు ప్రతిసారీ ఎక్కువ కడుతూనే ఉంటారు. అందుకని అక్కడ కొనేవాళ్ళని చూసి నవ్వకండి, సిగ్గుపడకండి. మీ అమ్మానాన్నల మొదటి అట్లకాడ బహుశా అక్కడిదే.

పెద్దలకి ఒక మనవి. ర్యాలీ నుంచి గ్రీన్స్‌బరో గంటన్నర ప్రయాణం. పులిహోర కట్టుకుని ఒక శనివారం బడి తరువాత బయలుదేరండి. తిరిగి వచ్చేటప్పుడు పిల్లలు ఏదో ఒకటి అడుగుతారు. మాట మార్చకండి.

ఇంతకీ మా అమ్మాయి ఇప్పుడు కారులో కూర్చోవడం మానేసింది. మాతో పాటు లోపలికి వచ్చి, ప్రతి సీసా తిప్పి చూసి, ఔన్సు లెక్క కట్టి, "నాన్నా, ఇది వద్దు, పెద్దదే నయం" అంటోంది. నేనేమో 45తో గుణించేవాణ్ణి, తను ఔన్సులతో భాగిస్తోంది. లెక్కల్లో మా ఇంటి తరం మారింది!